అండమాన్ బదిలీ గృహస్థు

అండమాన్ బదిలీ గృహస్థు కేంద్ర ప్రభుత్వ శాఖల్లోనూ బ్యాంకుల్లోనూ తరచుగా తారసపడే మనిషి. వయసు ముప్పై రెండుకూ నలభైకీ మధ్య. ఒక భార్య, యూకేజీ చదివే ఒక పిల్ల, ఇంకా చంక దిగని ఒక పిల్లవాడు. పుట్టింది ఇచ్ఛాపురానికీ కాకినాడకీ మధ్య ఏ ఊరైనా కావచ్చు, కాపురం మాత్రం విశాఖపట్నంలో. సముద్రమంటే ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు తింటూ చూసేదని అప్పటిదాకా అతని నమ్మకం. దానికి అవతల కూడా నేల ఉంటుందనీ, ఆ నేల మీద తమ శాఖకు ఆఫీసు ఉంటుందనీ, అందులో ఒక కుర్చీ ఖాళీ అవుతుందనీ ఉత్తర్వు చేతికొచ్చేదాకా తోచదు.

ఇతనిలో రెండు రకాలున్నాయి: కోరి వెళ్లేవాడు, పంపితే వెళ్లేవాడు. కోరి వెళ్లేవాడికి లెక్కలు వచ్చు. ద్వీపాల పోస్టింగుకు గడువు ఉంటుంది. కేంద్ర ఉద్యోగులకైతే పదేళ్లలోపు సర్వీసుకు 3 ఏళ్లు, పదేళ్లు దాటితే 2. గడువు తీరాక కోరిన చోటికి పంపే సంగతి వీలైనంతవరకు పరిశీలిస్తారు. జీతం మీద ప్రత్యేక భత్యం కూడా ఉంటుంది. పంపితే వెళ్లేవాడికి ఈ లెక్కలన్నీ, ఉత్తర్వు రద్దు చేయించుకోవడానికి తిరిగి తిరిగి చెప్పులరిగాక తెలుస్తాయి. ఓడ ఎక్కేనాటికి మాత్రం ఇద్దరి మాటా ఒకటే: "పిల్లల కోసమేనండీ, అక్కడ గాలి బాగుంటుందట."

కబురు తెలిసిన రోజు ఇంట్లో జరిగేది ఎక్కడైనా ఒకటే. అమ్మమ్మ "ఏం నేరం చేశావురా నాయనా?" అని అడుగుతుంది. 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలు ఆవిడ దృష్టిలో ఇంకా పనిచేస్తూనే ఉంది. మామగారు పటం తెప్పించి పరిశీలించి, ఆ దీవులు విశాఖ కంటే మయన్మార్‌కే దగ్గరని ప్రకటిస్తాడు. అది నిజమే గానీ ఆ పూట ఎవరికీ అక్కర్లేని నిజం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చాక అత్తగార్ల బాధ కొంత తగ్గింది. "అయితే విజయనగరం దగ్గరేనా అల్లుడుగారూ?" అని ఒకావిడ అడిగితే ఆ ఊరటను చెడగొట్టేంత కఠినుడు కాడు అల్లుడు. మూడో రోజు నుంచి రెండో తరగతి బంధువుల ఫోన్లు మొదలవుతాయి. వాళ్లెవరూ ఏడవరు. "మా ఎల్‌టీసీ ఇంకా వాడుకోలేదురా" అని మాత్రం గుర్తుచేస్తారు.

పిల్లలను ఒప్పించే పని తండ్రిది. ఇందుకు అతని దగ్గరున్న ఆధారం పాత ఎర్ర 20 రూపాయల నోటు. దాని వెనక వైపు ముద్రించిన కొబ్బరిచెట్లూ సముద్రమూ అండమాన్‌వే; మౌంట్ హ్యారియట్ దారిలోంచి నార్త్ బే అలా కనిపిస్తుంది. "ఇదిగో, మనం వెళ్లే ఊరు" అని నోటు చూపిస్తాడు. పిల్ల దాన్ని లాక్కుని దాచుకుంటుంది. ఆ తర్వాత రెండేళ్లపాటు, కనిపించిన ప్రతి కొబ్బరిచెట్టు దగ్గరా నోటు తీసి పోల్చి, "ఇది కాదు నాన్నా" అంటుంది.

సామాను సర్దడంలో ఇతని అసలు స్వరూపం బయటపడుతుంది. ద్వీపం అనగానే అతని మనసులో మెదిలేది ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి. అందుకే కందిపప్పు, చింతపండు, ఎండుమిరప, ఇంగువ, బియ్యం బస్తా, రెండు జాడీల ఆవకాయ, వడియాలు, పిల్లవాడికి ఉగ్గు సామగ్రి, తోటకూర విత్తనాలు, కొవ్వొత్తులు, చివరికి అగ్గిపెట్టెల డజను. అబర్డీన్ బజార్లో ఇవన్నీ దొరుకుతాయని అక్కడ పనిచేసి వచ్చిన సహోద్యోగి చెబుతాడు. ఇతను వినయంగా విని, ఇంకో ఐదు కిలోల పప్పు కొంటాడు.

చెన్నై నుంచి విమానం రెండు గంటల చిల్లరలో దింపేస్తుంది. అయినా ఇతను ఓడకే మొగ్గుతాడు. సామాను ఒక కారణం. రెండోది, హనీమూనుకు ఎక్కడికీ తీసుకెళ్లలేదని ఏడేళ్లుగా వింటున్న మాట. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1200 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఓడ నెలకు ఒకటి ఉంటే ఉన్నట్టు; దాని తేదీ ముహూర్తాల కంటే ఎక్కువసార్లు మారుతుంది. ప్రయాణం సముద్రం దయ చూపితే రెండున్నర రోజులు. మొదటి సాయంత్రం డెక్ మీద నలుగురూ ఫొటో దిగుతారు. ఆ తర్వాత రేవు వచ్చేదాకా ఇంకో ఫొటో ఉండదు. భార్య బంకు మీంచి తల ఎత్తదు. అతను మాత్ర మింగి, నిమ్మకాయ వాసన చూస్తూ, కడుపు చేత పట్టుకుని పిల్లల వెనక పరిగెత్తుతాడు. ఓడ ఎంత ఊగితే వాళ్లకంత హుషారు. మూడో రోజు తెల్లవారి, నల్లటి నీళ్ల మధ్య పచ్చటి కొండలు లేచినప్పుడు అందరూ రెయిలింగు దగ్గరికి చేరతారు. జాడీల్లో ఒకటి అప్పటికే పగిలి ఉంటుంది.

ద్వీపంలో ఇతన్ని మొదట ఓడించేది గడియారం. దేశమంతటికీ వేళ 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సూర్యుడు గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో ఐదింటికే కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే దీపాలు పెట్టాలి. పిల్లలు సూర్యుడి పక్షం చేరి పొద్దున్నే లేచి గెంతుతారు, ఏడింటికి పడిపోతారు. తండ్రి మాత్రం రాత్రి పదకొండు దాకా కూర్చుని తెలుగు చానళ్లు చూసి, పొద్దున్న ఐదింటికి ఎండను తిడతాడు. ఈ పట్టుదల గడువు తీరేదాకా సడలదు.

రెండోది తేమ. అక్కడ మే నుంచి డిసెంబరు దాకా, రెండు రుతుపవనాలూ వంతులేసుకుని, ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాయి. విశాఖలో పడేదానికి ఇది దాదాపు మూడింతలు. ఉప్పు నీరవుతుంది. వడియాలు మెత్తబడతాయి. తోలు బెల్టు మీద, పెళ్లి ఆల్బం మీద, పదోతరగతి సర్టిఫికెట్ల మీద తెల్లటి బూజు వ్యాపిస్తుంది. పాతకాపులు బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు. కరెంటు వృథా అని మొదట విమర్శించేవాడు ఇతనే. పెళ్లి సూటు ఆకుపచ్చగా మారిన మర్నాడు బల్బు కొనుక్కొచ్చేవాడూ ఇతనే. పెరట్లో తోటకూర విత్తనాలు బ్రహ్మాండంగా మొలుస్తాయి. వాటిని అరచేతంత ఉండే ఆఫ్రికా నత్తలు ఒక్క రాత్రిలో తినేస్తాయి. యుద్ధకాలంలో, 1942-45 మధ్య దీవుల్ని ఏలిన జపాన్ సేనలు తెచ్చి వదిలినవి ఇవి. సేనలు వెళ్లిపోయాయి, నత్తలు ఉండిపోయాయి.

ఇంత వాన పడే ఊళ్లో నీళ్లకు కరువేమిటనే ప్రశ్న ప్రతి బదిలీ గృహస్థూ మొదటి ఫిబ్రవరిలో వేస్తాడు. కారణం సులువే. ద్వీపం సన్నం, కొండలు నిటారు, వాగులు పొట్టి. పడిన నీరు పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది. పెద్ద నది లేదు. పట్టణానికి ముఖ్య ఆధారం ధనిఖరి ఆనకట్ట. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన ముఖం చాటేస్తే కుళాయి రోజు విడిచి రోజుకు, ఒక్కోసారి మరీ అరుదుకు దిగుతుంది. అప్పుడు క్వార్టర్సులో నీలం డ్రమ్ముల యుగం మొదలవుతుంది. డ్రమ్ము లేని సంసారం అక్కడ సంసారమే కాదు. నీళ్లొచ్చే వేళ ఇంటిల్లిపాదీ హోదాలు మరిచి బకెట్లు మోస్తారు. విశాఖలో చెంబు పట్టుకుని వంటింట్లోకి వెళ్లని మనిషి గొట్టం పట్టుకుని డ్రమ్ము నుంచి డ్రమ్ముకు గెంతడం చూసి భార్య, ఈ ద్వీపం మీద మొదటిసారి సదభిప్రాయం ఏర్పరచుకుంటుంది.

తెలుగు మాట వినపడదేమోనన్న దిగులు మాత్రం మొదటి ఆదివారమే తీరిపోతుంది. 2011 జనగణనలో ద్వీపాల జనాభా 3.8 లక్షలు, వారిలో నూటికి పదముగ్గురు మాతృభాష తెలుగని రాయించారు. ముఖ్యంగా ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన మత్స్యకారులు జంగ్లీఘాట్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డారు. ఇదేమీ తెలియని గృహస్థు సంచీ పట్టుకుని చేపల బజారుకు వెళ్తాడు. రాష్ట్రభాష పరీక్ష ఫస్టుక్లాసులో పాసైన గుండెధైర్యంతో "బహన్‌జీ, ఇస్ మఛ్లీ కా దామ్ క్యా హై?" అని అడుగుతాడు. ఆవిడ కత్తి పక్కన పెట్టి ఎగాదిగా చూసి, "ఏటి బావూ, తెలుగోలేనా? వంజరం బాగుంది, ముక్కలు కొట్టీమంటారేటి?" అంటుంది. ఆవిడ పుట్టింది అక్కడే. శ్రీకాకుళం చూసింది రెండు పెళ్లిళ్లకు. యాస మాత్రం ఇతని నోట్లోంచి ఇంగ్లీషు మీడియంలో ఎప్పుడో రాలిపోయినదే.

హిందీ విషయంలో ఇతనికి ఇంట్లోనే పరాభవం కాచుకుని ఉంటుంది. క్వార్టర్సు మెట్ల మీద బెంగాలీ, తమిళం, మలయాళం, ఛోటానాగ్‌పుర్ నుంచి వచ్చిన రాంచీ కుటుంబాల పిల్లలు కలిసి మాట్లాడేది అండమాన్ హిందీ. అందులో స్త్రీలింగం పుంలింగం అనే బాధ దాదాపు లేదు. నెల తిరక్కుండా పిల్ల "మేరా మమ్మీ బోలా" అని గడగడా మాట్లాడుతుంది, చంకలోవాడు మొదటి మాటలే అందులో పలుకుతాడు. తండ్రి లింగభేదం మీద క్లాసు తీసుకుంటాడు. పిల్ల ఓపిగ్గా విని, మెట్లు దిగి వెళ్లి, అతను నాలుగు రోజులుగా గ్యాస్ బండవాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్న సంగతి అరనిమిషంలో తేల్చుకొస్తుంది.

ప్రకృతి గురించి ఇతని జ్ఞానం భయం రూపంలో ఉంటుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అతనికి టీవీలో చూసిన జ్ఞాపకం. పక్కింటివాళ్లకు అది సొంత జ్ఞాపకం. కాబట్టి మొదటిసారి అర్ధరాత్రి మంచం ఊగి గిన్నెలు గలగలలాడినప్పుడు అతను లుంగీతో, ఒక చేత పిల్లవాడు, ఇంకో చేత సర్టిఫికెట్ల ఫైలుతో మైదానంలోకి దూకుతాడు. వెనక చూస్తే భార్య, పిల్ల మాత్రమే ఉంటారు. మిగతా క్వార్టర్సు కిటికీలోంచి చూస్తుంది. మర్నాడు ఆఫీసులో ఒక్కటే చర్చ: నాలుగున్నరా, ఐదా? ఏడాది తిరిగేసరికి అతనూ పక్క మీంచి లేవకుండానే "నాలుగున్నర" అంటాడు, తరచుగా సరిపోతుంది కూడా. అయితే ఊపు ఎక్కువసేపు సాగితే పాతకాపులు కూడా చెప్పులు వెతుక్కుంటారని, ఆ రాత్రి ఎవరూ అంకెలు చెప్పరని కూడా అతను గమనిస్తాడు.

విశాఖలో ఉన్నవాళ్ల ఊహలో ఇతను సాయంత్రాలన్నీ బీచిలో కొబ్బరిబొండం తాగుతూ గడుపుతాడు. నిజానికి ఇసుక ఈగలు కుట్టిన చోట పది రోజులు దురద, కొన్ని తీరాల్లో మొసళ్లున్నాయని బోర్డులు. సముద్రం మొహం చూసేది చుట్టాలొచ్చినప్పుడే. చుట్టాలు మాత్రం నవంబరు నుంచి వస్తూనే ఉంటారు. సెల్యులార్ జైల్లో సాయంత్రం జరిగే లైట్ అండ్ సౌండ్ ప్రదర్శనలో ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది. పన్నెండో బృందాన్ని తీసుకెళ్లేనాటికి చెట్టు కంటే ఒక మాట ముందే ఇతను చెప్పేస్తుంటాడు. బంధువులు వెళ్లేటప్పుడు సంచుల్లోంచి ఏరిన పగడపు ముక్కలూ గవ్వలూ బయటికి తీయించడం ఇంకో పని. అవి తీసుకెళ్లడం చట్టరీత్యా నేరమనీ, విమానాశ్రయంలో పట్టుబడతారనీ చెబితే "నువ్వు ఆఫీసరువి కదరా, ఒక మాట చెప్పలేవా?" అని పెదనాన్న నొచ్చుకుంటాడు.

ఇంటికి ఫోను మాట్లాడటం ఒకప్పుడు ఇతని దినచర్యలో పెద్ద దుఃఖం. అంతర్జాలం ఉపగ్రహం మీద ఆధారపడి నత్త నడక నడిచేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2300 కిలోమీటర్ల కేబుల్ పడ్డాక ఆ బాధ చాలావరకు తీరింది. ఇప్పుడు అమ్మమ్మ రోజూ వీడియోలో పిల్లవాణ్ని చూసి, చిక్కిపోయాడంటుంది. వాడు రోజూ చేప తిని బరువెక్కుతూనే ఉంటాడు. కూరగాయలు ఓడ మీద రావాలి, తుఫాను వేళ ఓడ ఆగితే టమాటా కిలో ధర విన్నవాడికి చేపే శాకాహారంలా తోస్తుంది.

గడువు తీరే నెల వస్తుంది. గోడ మీద క్యాలెండరులో మొదటి రోజు నుంచి గళ్లు కొట్టుకుంటూ వచ్చినవాడు ఇతనొక్కడే. పిల్ల స్కూలు మారనని మొండికేస్తుంది. భార్య పైకి ఏమీ అనదు గానీ, బదిలీ కాగితం కంటే ముందు చీటీల లెక్క తేల్చుకోవాల్సినవాళ్లు ఆమెకు క్వార్టర్సులో ఎనిమిదిమంది ఉంటారు. ఇతను కొత్తగా వచ్చినవాడికి ఛార్జి అప్పగిస్తూ, రెండేళ్లలో ఒక్కసారీ మెచ్చుకోని ఊరి గురించి గంటన్నర ఉపన్యసిస్తాడు. వచ్చినవాడి వెనక బియ్యం బస్తా, జాడీలు, మూతిముడుచుకున్న ఇల్లాలు. మంచం, ఫ్రిజ్ సగం ధరకు చేతులు మారతాయి. బీరువాతో పాటు బల్బు ఉచితం. డ్రమ్ములు మాత్రం కొన్న ధరకే ఇస్తాడు. అతనికి వాటిని అమ్మినవాడూ కొన్న ధరకే ఇచ్చాడు. ఆ ధరకా అని వచ్చినవాడు బేరం మొదలుపెడితే, "ఇప్పుడు తీసుకోకండి, ఫిబ్రవరిలో మాట్లాడుకుందాం" అంటుంది వెళ్లిపోతున్న ఇల్లాలు. వచ్చినామె భర్త జేబులోంచి తనే పర్సు తీసి డబ్బు లెక్కపెడుతుంది.