కూడిక కబురు: సటీకా తాత్పర్యము

మూలము:
"ప్రైజ్ ది లార్డ్!! రేపు సా. 6 గం.లకు మన మందిరంలో గొప్ప ఉజ్జీవ ప్రార్ధన కూడిక. దైవజనులు వాక్యం అందిస్తారు. అందరికీ అహ్వానం. షేర్ చేయగలరు."

అవతారిక: గ్రంథకర్త పేరు తెలియదు. ఎవరో యూత్ బ్రదర్. గ్రంథం బొమ్మ రూపంలో మాత్రమే లభ్యం: ఎర్రని నేల మీద పసుపు అక్షరాలు, మూలన పావురం, అడుగున మంటలు, నడుమ మైకు పట్టుకున్న దైవజనులు. నాకు వాట్సాప్‌లో మూడు ప్రతులు చేరాయి. రెండు స్క్రీన్‌షాట్లు, ఒకటి స్క్రీన్‌షాటుకు స్క్రీన్‌షాటు. కాలనిర్ణయం అసాధ్యం, కారణం కింద చూడవచ్చు.

టీక:

రేపు = రాసిన నాటి మరునాడు. రాసిన నాడేది? గ్రంథకర్త గురువారం పెట్టాడని తర్వాత తెలిసింది. మా పిన్ని శనివారం నాకు పంపింది. నేను ఆదివారం చదివాను. ముగ్గురికీ 'రేపే'. ఈ రేపు ఆద్యంతరహితము, ఎన్ని చేతులు మారినా వాడిపోదు. వారమూ తేదీ రెండూ వేయుట ఉత్తమం. ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది.

మన మందిరము = ఎవరి మందిరము? స్థలము అధ్యాహారము. మందిరం తెలిసిన విశ్వాసికి కబురు ఎలాగూ ఆదివారం ఆరాధనలోనే అందుతుంది. ఈ బొమ్మ తెలియనివాడి కోసం. వాడికే 'మన' అర్థం కాదు. 'రైల్వే గేటు దాటి, నీళ్ల ట్యాంకు ఎదురు సందు' అని ఒక్క ముక్క చాలు. ఫోన్ నంబరు బొమ్మలో ఉంది, నిజమే. కానీ చాలా ఫోన్లలో బొమ్మలోని నంబరు మీద ఎంత నొక్కినా రింగు పోదు. బొమ్మ కింద విడిగా టైపు చేసిన నంబరే మోగుతుంది.

ప్రార్ధన = అపపాఠము; 'ప్రార్థన' అని సాధుపాఠము. అర్థానికి థ, సగానికి ధ. 'అహ్వానం' కూడా దీర్ఘం పోగొట్టుకుంది.

ఇక్కడ శంక: భక్తికి ఒత్తులతో ఏమి పని? సమాధానం: భక్తికి లేదు, వెతుకులాటకు ఉంది. 'ప్రార్థన' అని వెతికేవాడికి 'ప్రార్ధన' దొరకకపోవచ్చు. ఈ కబురు మొత్తం బొమ్మ గనుక ఏ పాఠమైనా దొరకదనుకోండి. చూపులేని సోదరుడి ఫోను మామూలు అక్షరాలను చదివి వినిపిస్తుంది. ఈ బొమ్మను మాత్రం చాలాసార్లు ఒట్టి 'ఫొటో' అంటుంది.

పూర్వపక్షి: 'సరే, డీటీపీ సెంటరులో “అను” ఫాంట్లతో కొట్టిన ఫైలు ఉంది. అందులోంచి కాపీ చేసి పెడితే?' పెట్టి చూడు నాయనా. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి, ఏ భాషా కానిది వస్తుంది. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు అద్దెకుంటాయి. యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాల సొంత వాడ కట్టి ఇచ్చింది. అయినా అద్దె కొంప వదలలేకపోతున్నాము.

ఇక లిపి. ఎనిమిది వరసలు, ఏడు ఫాంట్లు. 1818లో శ్రీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చైనప్పుడు అక్షరాలు సీసంతో పోత పోయాలి. ఏడు ఫాంట్ల వైభవం అప్పుడెక్కడ సాధ్యం? ఇప్పుడు అన్నీ ఉచితం గనుక అన్నీ వాడతాము. శీర్షికకు రామభద్ర ఫాంటు, కింది మాటలకు మండలి, అంతటితో ఆగవచ్చు. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కొలతకు వదిలేయడం మాత్రం మహాదోషం. తెలుగు పైన గుడులు కట్టుకొని, కింద ఒత్తులు వేలాడదీస్తుంది. ఈ ప్రతిలో 'అందిస్తారు'లోని తావత్తు కింది వరసలో ఒక గుడిని తన్నుతోంది. కూడిక సందర్భంలో ఇది అనౌచిత్యం.

రంగు విషయం: వెబ్ ప్రమాణాల ప్రకారం చిన్న అక్షరానికీ నేలకూ వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకు 21. నిండు ఎరుపు మీద నిండు పసుపు 3.7 దగ్గరే చతికిలబడుతుంది. అరవై దాటిన పాస్టరమ్మగారు చదవలేక 'అద్దాలు మార్చాలి' అనుకున్నారు. అద్దాల తప్పు లేదు.

దైవజనులు = గౌరవ బహువచనమో నిజ బహువచనమో తెలియదు. పెద్ద ఫొటో ఒకటి, చుట్టూ గుండ్రటి ఫొటోలు ఐదు.

చేయగలరు = శక్త్యర్థకమా, ప్రార్థనార్థకమా? చేసే శక్తి అందరికీ ఉంది. అందువల్లనే ఇది నాకు మూడుసార్లు వచ్చింది.

తాత్పర్యము: ఎప్పుడో, ఎక్కడో, ఎవరో మాట్లాడతారు, మీరు రావాలి.

విశేషము: వ్యాఖ్యాత సోమవారం సాయంత్రం ఆరింటికి వెళ్లాడు. గేటుకు తాళం. ఎదురు టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ, "కూడికకేనా అండీ? శుక్రవారమే అయిపోయింది. మీతో నలుగురు" అన్నాడు. టీకి డబ్బు తీసుకోలేదు.

తర్వాత ఆ బ్రదర్‌ను పట్టుకొని ఇదంతా చెప్పాను. మంచి కుర్రాడు, నొచ్చుకోలేదు. "అంకుల్, వచ్చే కూడికకి మీరు చెప్పినట్టే చేస్తా" అన్నాడు. చేశాడు కూడా: తెల్లని నేల, నల్లని అక్షరాలు, వారం, తేదీ, నీళ్ల ట్యాంకు, కింద విడిగా నంబరు. గ్రూపులో పెట్టేముందు పాస్టరుగారికి చూపించాడట. ఆయన ఫోను దూరంగా పట్టుకొని, కళ్లద్దాలు లేకుండానే మొత్తం చదివి, "బాగుంది బ్రదర్" అని, కాసేపాగి అడిగారట: "మంటలు ఏవి?"