సూక్ష్మదర్శిని చెప్పిన మాట

నేను మైక్రోస్కోప్‌ను. సికింద్రాబాద్‌లోని ఒక కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పనిచేశాను. పుట్టింది అంబాలాలో. అంతకు మించి నా పుట్టుకలో విశేషం లేదు. విశేషమంతా ఈ ఊళ్లో మా జాతి చేసిన పనిలోనే ఉంది.

1897 ఆగస్టులో ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేటలో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దగ్గర మా పెద్దల్లో ఒకటి ఉండేది. ఆయన చెమటకు దాని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క ఐపీస్ కూడా పగిలింది. కోసిన దోమలు చెదిరిపోతాయని ఆ ఉక్కలోనూ ఆయన పంకా వేయించుకోలేదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల్లో ఒకదాన్ని ఆగస్టు 20న కోసి చూస్తే, దాని పొట్ట గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమి దశలే. మర్నాడు ఇంకో దోమను కోశాడు. ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. మలేరియా దోమల ద్వారా సోకుతుందని తేల్చిన పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కొత్తగా పరిశోధనలో చేరినవాళ్లకు ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, అంతకుముందు రెండేళ్లు రాస్ ఓడిపోయింది చూపు చాలక కాదు. కోసిన దోమల జాతి వేరు. రెక్కల మీద మచ్చలున్న దోమ దొరికాకే నిజం బయటపడింది. మీ ప్రయోగం కుదరకపోతే మిమ్మల్ని మీరు నిందించుకునే ముందు, తీసుకున్న నమూనాను అనుమానించండి. ఒకసారి కనిపించినదాన్ని రెండోసారి చూసేదాకా నమ్మకండి. దొరకని రోజున కూడా తారీఖు వేసి రాయండి. లండన్‌లో ఉన్న తన మార్గదర్శి మాన్సన్‌కు రాస్ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మీ గైడుకు మంచి ఫలితాలే కాదు, చెడినవీ చూపించండి. మీ పరిశోధనకు తోడ్పడిన హుసేన్ ఖాన్ లాంటివాళ్ల పేర్లు మరిచిపోకండి.

ఇక నా బాధ. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ వాడి నూనె తుడవకుండానే వెళ్లిపోయేవారు. అది గట్టిపడి నా చూపు మసకబారింది. కొందరు లెన్స్ పేపర్ పక్కనే ఉన్నా చేతిరుమాలుతో రుద్ది గీతలు పెట్టారు. పెద్ద మర తొందరగా తిప్పి స్లైడ్లు పగలగొట్టారు. వానాకాలంలో ఎవరూ గుడ్డ కప్పలేదు, సిలికా జెల్ పెట్టలేదు. లెన్సులకు బూజు పట్టింది. చివరికి ‘పనిచేయదు’ అని చీటీ అంటించి, విరిగిన స్టూళ్ల కింద పడేశారు. నా పక్కన నాలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఒక మర బిగిస్తే చాలు. అడిగినవాళ్లు లేరు.

నన్ను పడేసినందుకు కాదు నా దుఃఖం. పనిముట్టును పట్టించుకోని చేయి, ఫలితాన్నీ అలాగే పట్టించుకోదు.

బేగంపేటలో రాస్ పనిచేసిన ఆ భవనం నేటికీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దాన్ని చూసుకుంటోంది. పరిశోధన మొదలుపెట్టే ముందు ఒక్కసారి వెళ్లి చూడండి. తిరిగొచ్చాక మీ లెన్స్ తుడిచి, నోటుబుక్కులో తారీఖు వేసి, పని మొదలుపెట్టండి.