మాత్ర వేశారు సరే, పక్కన కూర్చునేదెవరు?

దీపావళి దగ్గర పడుతోందంటే మా పేటలో మందుల షాపుల ముందు ఈ మధ్య ఒక కొత్త బేరం వినబడుతోంది. "కుక్కకండీ, నిద్ర పట్టేది ఏదైనా ఇవ్వండి." చీటీ ఉండదు. కుక్క బరువెంత, వయసెంత, గుండె ఎలా ఉంది అని అడిగే నాథుడుండడు. అట్టలోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇస్తారు, అడిగినవాడు జేబులో వేసుకుని పోతాడు. చూస్తే ఒళ్లు మండిపోతుంది.

విశాఖ పూర్ణా మార్కెట్లో మా నాన్నది బెల్లం కొట్టు. తెల్లారకుండానే అనకాపల్లి నుంచి దిమ్మలు దిగేవి. ఆ బళ్ల కింద, ఖాళీ గోనెల మీద, చేపల వరసలో, మాంసం కొట్ల ముందు ఎక్కడ చూసినా కుక్కలే. ఏదీ ఒకరిది కాదు, అన్నీ అందరివీ. కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ వాటి చెవుల్లో కలాసీల కేకలు, తోపుడు బళ్ల గడగడ, హార్బరు వైపు నుంచి ఓడ కూత. రోజుకి వందమంది కాళ్ల మధ్య నుంచి దూరి పోయేవి. అలా పెరిగిన కుక్క కొత్త మనిషిని చూసి బెదరదు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపల ఏవేవి అలవాటవుతాయో అవి జీవితాంతం మామూలుగా ఉంటాయని, అప్పుడు ఎరగనివి తర్వాత భయపెడతాయని పశువైద్యులు చెబుతున్నారు. మా మార్కెట్ ఆ పని పైసా తీసుకోకుండా చేసిపెట్టింది.

ఇప్పుడో? నెల నిండని పిల్లని తల్లి పొదుగు దగ్గర్నుంచి లాగి అమ్ముతున్నారు. ఎనిమిది వారాలు నిండందే అమ్మకూడదని 2017లో కేంద్రం నియమం పెట్టింది. ఎవరికి పట్టింది? కొన్నవాళ్లు ఐదో అంతస్తుకి ఎత్తుకుపోయి తలుపేస్తారు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి పోతే పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా అది ఒంటరిగా ఉంటుంది. కొందరైతే మంచుదేశపు హస్కీని తెచ్చి మన సముద్రపు ఉక్కలో ఏసీ గదికి కట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి అది తలుపు గీకుతుంది, సోఫా చింపుతుంది, లిఫ్టులో పిల్లల్ని చూసి మీదికి ఉరుకుతుంది. అప్పుడు గుర్తొస్తుంది వీళ్లకి మందు.

మందు ఉంది, అది మంచిదే. నా గొడవ మందు మీద కాదు. యజమాని బయటికి వెళితే ప్రాణం పోయినట్టు గిలగిలలాడే కుక్కల కోసం అమెరికాలో 1998లో క్లోమిప్రమిన్‌కి, 2007లో ఫ్లూఒక్సెటిన్‌కి అనుమతి ఇచ్చారు. ఈ రెండోది దిగులు జబ్బుకి మనుషులు వేసుకునే మందే. అది నిద్రమాత్ర కాదు. రోజూ వేస్తే నాలుగు నుంచి ఆరు వారాలకి గుణం తెలుస్తుంది. మెదడులో భయం ఉడుకు కొంచెం తగ్గితే, అప్పుడు కుక్క కొత్త అలవాటు నేర్చుకోగలదు. నేర్పడానికి మనిషి కావాలి. వారం వేసి "పని చెయ్యలేదు" అని మానేసేవాళ్లున్నారు. నయమైందని నెలల మందుని ఒక్కసారిగా ఆపేసేవాళ్లున్నారు. రెండూ తప్పే.

టపాసుల రాత్రికి వేసేవి వేరు. గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి చప్పుడు మొదలవడానికి ముందే కడుపులో పడాలి. కుక్క మంచం కింద దూరి వణుకుతున్నప్పుడు వేస్తే సగం పనికూడా చెయ్యవు. మనుషుల కోసం చేసిన సిరప్ పొయ్యడం ఇంకా ప్రమాదం, అందులో జైలిటాల్ అనే తీపి కలిసి ఉంటే కుక్క ప్రాణమే పోతుంది.

చీటీ లేకుండా కత్తిరించి ఇచ్చే ఆల్‌ప్రజోలం సంగతి చూడండి. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు రాస్తేనే ఇవ్వాలి, ఇచ్చినట్టు రిజిస్టరులో రాసుకోవాలి. పైగా భయంతో కరిచే కుక్కల్లో కొన్నింటికి అది వేస్తే ఉన్న కాస్త జంకూ పోయి మరింత కరుస్తాయి. ఎసిప్రొమజిన్ అని పాతకాలపు మందు ఇంకొకటి. దాంతో ఒళ్లు కదలదు, చెవులు మాత్రం వింటూనే ఉంటాయి. ప్రతి బాంబుకీ లోపల గుండె అదురుతూనే ఉంటుంది, పారిపోవడానికి కాళ్లు రావు. ఇంటివాళ్లు మాత్రం "హాయిగా పడుకుంది" అనుకుంటారు. కుక్క భయం తగ్గాలని వాళ్లకి ఉందా, చప్పుడు తగ్గితే చాలనా?

ఈ ప్రశ్న మా కాలాన్నీ వదలదు. అప్పట్లో కుక్క ఎవరినైనా కరిస్తే ఎందుకు కరిచిందని ఎవరూ అడగలేదు. పిచ్చికుక్క అని నలుగురు కర్రలు పట్టుకునేవాళ్లు. వాళ్ల భయం అర్థంలేనిది కాదు. కరిపించుకున్నవాడు కేజీహెచ్ ఆసుపత్రికి పోయి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకోవాలి. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ టీకా మన దేశంలో 2004 దాకా నడిచింది. కానీ కర్రలకి బలైన కుక్కలన్నీ పిచ్చివి కావు. వాటిలో ఎన్నింటికి పన్ను పుచ్చిందో, ఎన్నింటికి కీలు నొప్పో. అప్పుడు కర్రతో నోరు మూయించారు, ఇప్పుడు మాత్రతో మూయిస్తున్నారు.

మా అపార్ట్‌మెంటులో ఒక కుర్రాడి లాబ్రడార్, తల నిమరబోయిన పిల్లవాణ్ణి కరిచింది. "తాతగారూ, దీనికి కోపం మందేదో రాయించాలి" అన్నాడు. ముందు డాక్టరుకి చూపించరా బాబూ అన్నాను. చెవి తెరిచి చూస్తే లోపల చీము. చెవికి మందు పడ్డాక నెల తిరక్కుండా అది మళ్లీ పిల్లల కాళ్ల దగ్గరే పడుకుంది. ఉన్నట్టుండి కుక్క కోపిష్టిదైతే ముందు ఒళ్లు చూపించాలి, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. టీకాలు లేని కుక్కైతే రేబిస్ సంగతి మరచిపోకూడదు. మనసు మందు ఆ తర్వాత. ఇప్పుడు మనకి గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. మా రోజుల్లో ఇవేవీ లేవు, ఉన్న ఈ రోజుల్లో వాడుకోరు.

మా కుక్కలకి భయమే లేదని నేనెప్పుడూ అనను. 1971 డిసెంబరు మూడో తేదీ అర్ధరాత్రి మన తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగింది. ఊళ్లో కిటికీలు అదిరాయి. మా కొట్టు ముందుండే నల్లోడనే కుక్క బెల్లం బండి కిందికి దూరి తర్వాత బయటికే రాలేదు, కూడు ముట్టలేదు. మా నాన్న తాడేసి లాగబోతే కలాసీ ఒకాయన అడ్డుకున్నాడు. "ఒగ్గీండి బాబూ, దాని పేణం కుదుటపడనీండి." రోజూ పని అయ్యాక ఆ బండి పక్కన చతికిలబడి చుట్ట కాల్చుకుంటూ దాంతో ఏదో ఒకటి మాటాడేవాడు. దగ్గరికి రమ్మని పిలవలేదు, చెయ్యి వెయ్యలేదు. కొన్నాళ్లకి అదే వచ్చి ఆయన కాలి మీద మూతి పెట్టింది. భయపడే కుక్కని ఓదారిస్తే భయం ముదురుతుందని ఇప్పటికీ కొందరు చెబుతారు. అది అబద్ధం. తోడుంటే భయం ముదరదని ఈనాటి పశువైద్యులూ అంటున్నారు.

దీపావళి మీద బెంగ ఉన్నవాళ్లు వినాయక చవితి పందిళ్లు వేసే వేళకే కుక్కని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. రోజువారీ మందు కావాలంటే అప్పుడు మొదలుపెడితేనే అమావాస్యకి పనిచేస్తుంది. దీపావళి దాకా ఉన్న ఆ ఎనిమిది వారాల్లో ఫోనులో టపాసుల చప్పుడు వినీ వినబడనంత సన్నగా పెట్టి, పక్కనే కూర్చుని, దానికిష్టమైన ముక్క తినిపించండి. బెదరకపోతేనే మర్నాడు ఒక పిసరు పెంచండి, బెదిరితే తగ్గించండి. టపాసులకి రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది కానీ మా వీధుల్లో అర్ధరాత్రి దాటినా ఆగవు, కాబట్టి ఆ రాత్రి కిటికీలు మూసి, టీవీ పెట్టి, ఇంట్లో ఒకరు దాని దగ్గరే ఉండాలి. పండగ సాయంత్రం ఐదింటికి వచ్చి నిద్రమాత్ర అడిగేవాళ్లకి మందుల షాపువాళ్లు ఇవ్వకండి. ఇచ్చినవాళ్ల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.