కుటుంబమూ పేదరికమూ ఒక్క రాత్రిలో

రేపు పొద్దున సోషియాలజీ పేపరు. కుటుంబం, పేదరికం యూనిట్లు రెండూ ముట్టుకోలేదు. కంగారు పడకండి. ఇదే పేపరు మూడుసార్లు రాసిన అనుభవంతో చెబుతున్నాను, వినండి.

ముందు నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొని టైంటేబుల్ గీయండి. గళ్లు స్కేలుతోనే కొట్టాలి. వంకర గళ్లలో చదువు నిలవదు. ఇది పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది కాబట్టి కాసేపు నడుం వాల్చవచ్చు. టెక్స్ట్‌బుక్కు జోలికి పోవద్దు, గైడులో స్టార్ గుర్తున్న ప్రశ్నలు చాలు. పోయినేడాది వచ్చినవి మళ్లీ రావు, వదిలేయండి. వస్తాయని ఎవరైనా సీనియర్ అంటే అవే చదవండి.

చదివేటప్పుడు గది తలుపు గడియ పెట్టుకోవాలి. కుటుంబం గురించి చదివేవాడికి కుటుంబం పెట్టే బాధ అంతా ఇంతా కాదు. నేనొకసారి గడియ మరిచిపోయి, ఇరావతీ కార్వే నిర్వచనం బట్టీ పడుతున్నాను. ఉమ్మడి కుటుంబమంటే ఒకే కప్పు కింద ఉండాలి, ఒకే పొయ్యి మీద వండింది తినాలి, ఆస్తి ఉమ్మడిగా ఉండాలి, పూజలు కలిసి చేసుకోవాలి. ఇంతలో పెరట్లో కేకలు. మా బాబాయి వాళ్లు వేరుపడి ఆరేళ్లయింది. నడిమింట్లో ఇటుక గోడ, అటొక గ్యాసు పొయ్యి, ఇటొకటి. కార్వే లెక్కన మేం రెండు కుటుంబాలం. కానీ ఆ రాత్రి ఉమ్మడి బోరు మోటారు కాలిపోయింది. రివైండింగ్‌కి ఎవరెంత వేసుకోవాలని పావుగంట అరుచుకుని, చివరికి చెరి సగం అనుకున్నారు. ఆ వెంటనే పెరటి గోడ మీంచి పిన్ని చేపల పులుసు గిన్నె అందించింది.

గుజరాత్‌లోని మహువా పట్టణంలో ఐ.పి. దేశాయ్ గమనించింది ఇలాంటిదే. వేరు కాపురాలున్నంత మాత్రాన ఉమ్మడితనం తెగిపోయినట్టు కాదన్నాడాయన. ఈ సంగతి గైడులో నాలుగు లైన్లుంది, మా పెరట్లో పులుసు వాసనతో సహా ఉంది. ఇలాంటివి కంట పడితే బుర్ర ఆలోచనలో పడి టైం వేస్టవుతుంది. చెవుల్లో దూది పెట్టుకోండి. ‘పారిశ్రామికీకరణ వల్ల ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమవుతున్నాయి’ అన్న వాక్యం ఒక్కటి నేర్చుకోండి, ఏ ప్రశ్నకైనా అతుకుతుంది.

పేదరికం ఇంకా సులువు, అన్నీ అంకెలే. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12లో పేదరికపు గీత మనిషికి రోజుకి పల్లెలో 27 రూపాయల ఖర్చు, పట్నంలో 33. రంగరాజన్ కమిటీ లెక్కలో 32, 47. వరసగా 27333247 అని ఫోన్ నంబరులా గుర్తుపెట్టుకోండి. ఏ ఏడాది ధరలో రాయకండి, గందరగోళం. టెండూల్కర్ ఇంటిపేరు చాలు. మా బ్యాచ్‌లో ఒకడు ‘సచిన్ టెండూల్కర్ కమిటీ’ అని రాశాడు, పాసయ్యాడు కూడా. అదే ఏడాదికి ఒక కమిటీ లెక్కలో పేదలు 21.9 శాతం, ఇంకో కమిటీ లెక్కలో 29.5 శాతం. గీత కాస్త పైకి జరిగేసరికి 9 కోట్ల పైచిలుకు మంది కొత్తగా పేదలెలా అయ్యారన్న అనుమానం మీకొస్తే వెంటనే మొహం కడుక్కుని రండి.

రౌంట్రీ గురించి, చాక్లెట్ కంపెనీ వాళ్లబ్బాయి అని గుర్తుంటే చాలు. ఆయన 1899లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్టణంలో ఇల్లిల్లూ సర్వే చేయించి, కూలివాడి బతుకులో పేదరికం మూడుసార్లు వస్తుందన్నాడు. ఆ మూడూ ఏవో నాకు ఎంతకీ గుర్తుండేవి కావు. గట్టిగా చదువుతుంటే మంచం మీద ఒత్తిగిలి నాయనమ్మ గొణిగింది. “చిన్నప్పుడు తినడానికి లేకపాయె. పిల్లలప్పుడు వాళ్లకి పెట్టడానికే సరిపాయె. ఇప్పుడేమో కూలికి పోలేకపాయె, మీరు పెడితేనే తిండాయె.” నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి, వయసు మళ్లింది, ఏదో అంటుంది. నిశ్శబ్దంగా పడుకోమని కసిరి, మూడు దశలూ మళ్లీ మొదట్నుంచి వల్లె వేశాను.

ఆస్కార్ లూయిస్ ‘పేదరిక సంస్కృతి’ని మాత్రం వదలకండి. పేదవాళ్ల అలవాట్లే వాళ్లని పేదలుగా ఉంచుతాయని తేల్చి రాసేస్తే జీతం, భూమి, అప్పు లాంటి చిక్కు విషయాల జోలికి పోనక్కర్లేదు. విమర్శలు అనే సైడ్ హెడింగ్ పెట్టి కింద ఖాళీ వదలండి.

పరీక్ష హాల్లో పేజీకి ఎనిమిది లైన్లు మించకుండా రాయండి. మూడోసారి నాకు అయిదు మార్కులకి ఒక ప్రశ్న వచ్చింది. మీకు తెలిసిన ఒక కుటుంబాన్ని తీసుకుని, అది ఉమ్మడి కుటుంబమో కాదో, పేదరికం దాన్ని ఏయే దశల్లో తాకిందో రాయమన్నారు. గైడంతా మనసులో తిరగేశాను. అలాంటి కుటుంబం ఎక్కడా లేదు. చాయిస్‌లో వదిలేసి, పారిశ్రామికీకరణ మీద మూడు అడిషనల్ షీట్లు తీసుకున్నాను.