రాయబారం లేని ప్రేమలు

మా రోజుల్లో ఒకడు ప్రేమిస్తే అయిదుగురికి పని ఉండేది. ఒకడు ఉత్తరం రాయాలి. ఒకడు సైకిలు సంపాదించాలి. ఒకడు ఆ పిల్ల తమ్ముడికి నిమ్మతొనలు కొనిపెట్టి మచ్చిక చేసుకోవాలి. ఇంకొకడు వాళ్ళ నాన్న ఎరువుల కొట్టుకి ఏ వేళకి వెళ్తాడో కనిపెట్టాలి. అయిదోవాడు "మనకెందుకురా ఇవన్నీ" అని అడ్డం పడటానికి. వాడు లేకపోతే మిగిలినవాళ్ళకి పట్టుదల ఎక్కడినుంచి వస్తుంది? ప్రేమించినవాడు మాత్రం ఏ పనీ చెయ్యకుండా గోడకానుకుని నిట్టూరుస్తూ ఉండేవాడు.

నేను పదో తరగతి రాసింది 1982లో. తెనాలి దగ్గర పల్లెటూరు, జిల్లా పరిషత్ హైస్కూలు. ఆడపిల్లలు మాస్టారి వెనకాలే క్లాసులోకి వచ్చి, గంట కొట్టగానే మాస్టారి వెనకాలే వెళ్ళిపోయేవాళ్ళు. ఎనిమిది నుంచి పది దాకా ఒకే గదిలో కూర్చున్నాం. ఆ మూడేళ్ళలో మాట్లాడుకున్నదల్లా "ఏవండీ, సోషల్ నోట్సు ఒకసారి ఇస్తారా" అంతే. ముక్కుపచ్చలారని వాడు ముక్కుపచ్చలారని పిల్లని 'అండీ' అనడం! ఇప్పుడు హైదరాబాదులో పదో తరగతి చదివే మా మనవణ్ణి వాళ్ళ క్లాసు అమ్మాయిలు 'బ్రో' అంటారు. వీడేమో వాళ్ళని 'అరేయ్' అంటాడు. ఆ బ్రోల్లో ఒకమ్మాయే ఆ తర్వాత వీడికి క్రష్ అయిందట. వరసల సంగతి నేను అడగదలుచుకోలేదు.

ప్రేమంటే ఏమిటో మాకు చెప్పింది సినిమావాళ్ళే. 1978లో 'మరోచరిత్ర' వచ్చింది. కమల్ హాసన్, సరిత విశాఖపట్నం సముద్రపొడ్డున ప్రేమించుకుని చివర్లో చచ్చిపోయారు. 1981లో 'ప్రేమాభిషేకం' వచ్చింది. నాగేశ్వరరావుకి క్యాన్సరు. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద ఈ రెండూ చూసినవాళ్ళకి తేలిందేమిటంటే, ప్రేమిస్తే జబ్బు చెయ్యాలి, గడ్డం పెరగాలి. జబ్బు మాట దేవుడెరుగు, మాలో ఒక్కడికీ నూనూగు మీసమైనా రాలేదు. అటుపక్క ఆడపిల్లలు అద్దె లైబ్రరీ నుంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవాళ్ళు. వాళ్ళకి కావలసింది 'సెక్రటరీ'లో రాజశేఖరం. కారు, హుందాతనం, డబ్బు. మాకున్నది అద్దె సైకిలు, అదీ బ్రేకు పడేది కాదు.

మా జట్టులో దస్తూరీ బాగున్నవాడు ఒకడుండేవాడు. వాణ్ణి రైటరనే పిలిచేవాళ్ళం. ఎవడి ప్రేమయినా ఉత్తరం వాడిదే. కొట్లో తెల్లకాగితాలు కొంటే ఊరంతా ఆరా తీస్తుంది కాబట్టి లాంగ్ నోట్సు సరిగ్గా నడిమికి విప్పి, పిన్నులు గోటితో ఎత్తి, జంట కాగితం ఊడదీసి, పిన్నులు మళ్ళీ వేలితో నొక్కేవాడు. అంచు చిరిగితే ఇంకో నోట్సు బలి. మాకు తెలిసిన ఉత్తరమల్లా తెలుగు పరీక్షలో వచ్చే లేఖారచనే. అందుకని పైన కుడిపక్క ఊరూ, తేదీ, కింద "ఇట్లు, తమ విధేయుడు". మధ్యలో "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను". ఆ పిల్ల ఉండేది రెండు వీధుల అవతల. పొద్దున్నే క్లాసులో చూశాం, క్షేమంగానే ఉంది.

సంతకం దగ్గర పెద్ద పంచాయితీ అయింది. పెడితే దొరికిపోతాం, పెట్టకపోతే ప్రేమించింది ఎవరో ఆమెకి ఎలా తెలుస్తుంది? కాలవగట్టు మీద చీకటిపడేదాకా వాదించుకుని, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రం పెట్టాలని తేల్చాం. ఆ అక్షరం ఇంటిపేరువాళ్ళు మా క్లాసులో నలుగురున్నారన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఇంతా చేస్తే ఉత్తరం చేరనే లేదు. నోట్సులో పెట్టి ఇవ్వాల్సినవాడికి కాళ్ళు వణికి, మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాడు. వాళ్ళమ్మ చొక్కా సర్ఫులో నానబెట్టింది. బ్రిల్ సిరా మరక ఆ చొక్కాకి కడదాకా పోలేదు.

ఆ పిల్ల ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదు. రైటరు చూపుడువేలి మీద సిరా మాత్రం గుర్తుంది. అమ్మాయిల వెంట తిరుగుతున్నామనుకుంటూ ఆ మూడేళ్ళూ మేం తిరిగింది ఒకళ్ళ వెంట ఒకళ్ళం.

రేడియోకి కార్డు రాయడం కూడా జట్టుగానే. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు పాట కోరినవాళ్ళ పేర్లు చదివేవారు, వివిధ భారతి జనరంజనిలోనూ చదివేవాళ్ళు. పదిహేను పైసల పోస్టుకార్డు మీద మా పేర్లన్నీ రాసి, నడుమ ఆ పిల్ల పేరు ఇరికించి డబ్బాలో వేసేవాళ్ళం. పక్కపక్కన చదివితే చాలు, పెళ్ళయినంత సంబరం. ఆ పూట కరెంటు పోతే మాత్రం ఎవడు ఏ దేవుణ్ణి తిట్టాడో చెప్పను.

ఇక మా మనవడు. మొన్న సెలవులకి వచ్చి పెసరట్టు నములుతూ "నాకు బ్రేకప్ అయింది తాతయ్యా" అన్నాడు, అల్లం పచ్చడి ఇంకాస్త వెయ్యమన్న గొంతుతో. ప్రపోజ్ చేసింది ఇన్‌స్టాలో, ఒప్పుకున్నది ఇన్‌స్టాలో, పొమ్మన్నదీ అక్కడే. బ్లాక్ కూడా చేసిందట. "మరి నీ స్నేహితులేమన్నార్రా?" అన్నాను. "వాళ్ళకెందుకు చెప్పడం, స్టోరీ పెట్టాగా, చూసుంటారు" అన్నాడు. ఎంతమంది చూశారో లెక్క కూడా చూపించాడు. అంతమందిలో ఒక్కడు ఇంటికొచ్చి, వీడి పక్కన కూర్చుని, "పోనీలేరా, ఆ పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయి" అని అబద్ధమైనా చెప్పలేదు. ఏడుపు బొమ్మలు మాత్రం బోలెడు వచ్చాయి. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక రాయబారానికి మనిషి అక్కర్లేకుండా పోయింది, అదీ నా బాధ. వాడి స్నేహితులనైనా ఏమనగలం? ఒకడు పొద్దున ఆరింటికి ఐఐటీ ఫౌండేషన్‌కి వెళ్ళి రాత్రి దాకా రాడు. ఒకణ్ణి హాస్టల్లో పడేశారు. కాలవగట్టు సంగతి అలా ఉంచండి, వాళ్ళ స్కూలుకి ఆటస్థలమే లేదు.

ఇంత గొణిగినా, ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి మా రోజుల్ని మెచ్చుకోలేను. మాకంటే కిందితరగతి పిల్ల పుస్తకంలో ఎవడో ఉత్తరం పెట్టాడు. దొరికింది. రాసినవాడు తన్నులు తిని వారంలో మళ్ళీ స్కూలుకొచ్చాడు. ఆ పిల్ల రాలేదు. ఉత్తరం విప్పనైనా విప్పని పిల్లకి చదువు మాన్పించి, ఏడాది తిరక్కుండా మేనమామకిచ్చి చేశారు. ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిది అని 1978లోనే చట్టం చేశారు. మా ఊరి పెద్దలెవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మనవణ్ణి బ్లాక్ చేసిన పిల్ల మర్నాడు మామూలుగా బళ్ళోకి వచ్చి కూర్చుందట. అందుకు సంతోషమే, పైకి అనను.

అలాగని ఇప్పుడు భయం లేదా? అప్పటి ఉత్తరం హెడ్మాస్టరు గారి సొరుగులో పడితే అక్కడితో సరి. ఇప్పటి మెసేజీని స్క్రీన్‌షాట్ తీస్తే క్లాసు మొత్తం చదువుతుంది. పైగా 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ళు సరేనన్నా చట్టం దాన్ని ఒప్పుదలగా లెక్కెయ్యదు. పిల్లల్ని కాపాడటానికి అది కావలసిందే. కానీ ఆ ముక్క మా మనవడికి ఎవరూ చెప్పలేదు. త్రికోణమితి మాత్రం ఏడాదిగా రుబ్బుతున్నారు. చివరికి నేనే చెప్పాను. "తాతయ్యా, క్రింజ్" అని లేచి వెళ్ళిపోయాడు.

మా బ్యాచికీ వాట్సాప్ గ్రూపొకటి పెట్టారు లెండి. పొద్దున్నే గులాబీ పువ్వుల శుభోదయాలు, మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పికి చిట్కాలు. రైటరు కూడా అందులోనే ఉన్నాడు. అంత చక్కటి దస్తూరీ ఉన్నవాడు బొటనవేలి బొమ్మ తప్ప ఇంకేం పంపడు. నిన్న పొద్దున వాడికి విడిగా ఒక మెసేజి పెట్టాను, ఆ ఉత్తరం ఎవరి కోసం రాశామో జ్ఞాపకముందా అని. చదివినట్టు నీలం గీతలు రెండూ పడ్డాయి. ఇప్పటిదాకా జవాబు లేదు. ఏమనుకున్నాడో ఏమో, రాత్రి లేచి లేచి చూశాను. రేపు మొదటి బస్సుకి తెనాలి వెళ్తున్నాను, ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతా.