దరువు ముదిరితే...

1992 మే నెల. ఇంగ్లండులోని కాసిల్‌మార్టన్ పచ్చిక బయల్లో వేలాది కుర్రకారు స్పీకర్లు గుట్టలుగా పేర్చి, వారం రోజులపాటు గంతులేశారు. ఊరివాళ్లకు కునుకు కరువైంది, సర్కారుకు ఒళ్లు మండింది. 1994లో ఇలాంటి పార్టీలపై చట్టం తెచ్చింది. ఒకే దరువు పదేపదే మోగినా అదీ సంగీతం కిందికే వస్తుందని అందులో రాసుకుంది. ఇంట్లో పెద్దలు ‘ఇదీ ఓ పాటేనా’ అని ఈసడించిన మోతను సంగీతమని పార్లమెంటే ఒప్పుకుంది, తరిమికొట్టడానికే అనుకోండి!

ఆ కుర్రకారుకిప్పుడు యాభై దాటింది. మాంచెస్టర్‌లో వాళ్లు చిందేసిన హాసియెండా క్లబ్బును కూల్చి, అదే పేరుతో అపార్టుమెంట్లు కట్టారు. ఆనాటి పాటల్ని ఇప్పుడు ఆర్కెస్ట్రావాళ్లు వయొలిన్లమీద వాయిస్తున్నారు. అప్పట్లో పార్టీ ఎక్కడో పోలీసులకు తెలియకూడదని చివరి గంటదాకా గుట్టు. ఇప్పుడు టికెట్ కొనేముందే పార్కింగ్ ఉందా, కూర్చోడానికి కుర్చీ ఉందా అని ఆరా. నెరిసిన గడ్డం, ఆనాటి పసుపు స్మైలీ బనీను, జేబులో మోకాళ్ల నొప్పి మాత్ర.

‘మా రోజుల్లో అయితేనా...’ అంటూ తెల్లారేదాకా ఆడిన కథలు చెప్పి నిట్టూర్చే ఈ పెద్దమనిషే, పక్క ఫ్లాటు కుర్రాడు రాత్రి పదింటికి పాట పెడితే కౌన్సిల్‌కు ఫోను కొడతాడు.