ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడండి

మా రోజుల్లో హైదరాబాద్ యాకుత్‌పురాలో కొత్త మెయిన్ స్విచ్ బిగించాలంటే, నాకు పని నేర్పిన ఉస్తాద్ తిన్నగా ఇంట్లోకి వచ్చేవారు కాదు. గల్లీ మొదట్లో ఆగి, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏనో, ఇంపీడెన్స్ ఎంత శాతమో ప్లేటు మీద చదివేవారు. అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, సర్వీస్ వైరు మందం చూసి, అప్పుడు నోరు విప్పేవారు.

ఇప్పటి పిల్లలు షాపులో నిలబడి "భాయ్, ఒక అరవై మూడు ఇవ్వు" అంటారు. అంతే, పని అయిపోయింది! 63 అంటే ఎంసీబీ, అంటే షార్ట్ అయితే కరెంటును తెంపే స్విచ్, రోజూ మోయగలిగే ఆంపియర్లు. షార్ట్ అయిననాడు ఎంత కరెంటును తెంపగలదన్నది వేరే లెక్క. అది ఎంసీబీ మొహం మీదే చిన్న గడిలో 6000 అనో 10000 అనో అచ్చేసి ఉంటుంది. దాన్ని చదివే కుర్రాడు నాకు కనబడడం లేదు.

లెక్క కష్టమా అంటే కాదు. 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 433 వోల్టులు: ఫుల్ లోడ్ 420 ఆంపియర్లు. ఇంపీడెన్స్ నాలుగున్నర శాతమైతే 420ని 0.045తో భాగించాలి. షార్ట్ అయితే వచ్చే కరెంటు 9,300 ఆంపియర్లు దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కిందే ఉన్న మడిగెలో 6000 ఎంసీబీ పెడితే ఏమవుతుంది? ఆర్క్ ఆరదు, ఎంసీబీయే పగిలిపోవచ్చు. అదే సింగిల్ ఫేజ్ లైను 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 30 మీటర్లు లోపలికి పోతే, పోను రాను వైరు నిరోధమే ఆ కరెంటును సుమారు 2,000కు దించేస్తుంది. ఒకే గల్లీ, ఒకే ట్రాన్స్‌ఫార్మర్, రెండు ఇళ్లకు రెండు లెక్కలు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్పట్లో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అంటే, అదే ఇంపీడెన్స్‌తో, షార్ట్ కరెంటు 3,000 లోపే. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు నెట్టుకొచ్చింది చాలావరకు అందుకే. ఇప్పుడు అంతస్తుకో ఏసీ. లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదవుతుంది, ఇంట్లో మెయిన్ మాత్రం తాతల నాటిదే. ట్రాన్స్‌ఫార్మర్ మారిన రోజు ప్రతి ఇంటి లెక్కా మారిందని ఎవరికీ పట్టదు. నా కోపమంతా అక్కడే.

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మందిని పొట్టనబెట్టుకున్న మంటలకు షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చని అగ్నిమాపక అధికారులు తొలుత చెప్పారు. ఆ తర్వాత మా గల్లీలో ఎవరి నోట విన్నా షార్ట్ సర్క్యూట్ మాటే. మన మెయిన్ దగ్గర షార్ట్ అయితే ఎన్ని ఆంపియర్లు వస్తాయని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఉస్తాద్ పని ముగించాక మెయిన్ డబ్బా తలుపు లోపలివైపు కేవీఏ, దూరం, వైరు మందం పెన్సిల్‌తో రాసేవారు. తర్వాత వచ్చేవాడు మళ్లీ లెక్క వేసుకోవాలని. ఇప్పుడు ఏ డబ్బా తెరిచినా వైర్‌మన్ ఫోన్ నంబరు స్టిక్కరే ఉంటోంది. దాని పక్కన ఆ మూడు అంకెలు రాయడానికి నిమిషం కూడా పట్టదు కదా!